తూర్పున వదిలిన చోటు

బల్మూర్,
నవంబరు 18.

పెద్దమ్మకు,

సింధూజ రాసేది. నేను బాగానే చేరాను. అయిజ నుంచి గద్వాల, గద్వాల నుంచి వనపర్తి, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్, మళ్లీ ఇంకో బస్సు. ఆ చివరి బస్సులో నిలబడే వచ్చాను. నువ్వు కట్టిచ్చిన రొట్టెలు వనపర్తి బస్టాండులోనే అయిపోయాయి.

ఫోను చేస్తే నీకు వినబడదు. రాళ్ల క్వారీలో పేలుళ్లు నీ చెవులను ఎప్పుడో తీసుకుపోయాయి. అందుకే ఉత్తరం. జాహెదా ఖాలా కుట్టుమిషను ఆపి, నీ ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి చదువుతుందనీ, వాడకట్టంతా వింటుందనీ తెలుసు. కాబట్టి రహస్యాలేమీ రాయను. ఖాలా, పుస్తకం తెలుగులో రాశానని నవ్వకు. కాగితం ముందు కూర్చుంటే నాకు ఇదే వస్తుంది. పెద్దమ్మకు మన మాటలో చెప్పు.

నా పని ఏమిటని అందరూ అడుగుతున్నారన్నావు కదా. ఇక్కడికి ఎనిమిది కిలోమీటర్లలో ఎర్రవాగు మీద పాత వంతెన ఉంది. దాని నడిమి కాలు కుంగింది. లారీలు, బస్సులు ఆపేశారు. దాన్ని కూల్చి పక్కనే కొత్తది కడతారు. కట్టేముందు రెండు ఒడ్డుల్లోనూ పాతకాలపు గుర్తులేమైనా ఉన్నాయేమో వెతికి రాసివ్వాలి. అది మా పని. నూరేళ్లు దాటినవే మా లెక్కలోకి వస్తాయి. అరవింద్ సారు పెద్ద, నేను ఆయన కింద. నాలుగు నెలలు.

పొద్దున్నే తాడు పట్టుకుని చేలకు అడ్డంగా నడుస్తాం. పదడుగులకోసారి ఆగి నేల చూస్తాం. కుండపెంకు దొరికితే సంచిలో వేసి నంబరు రాస్తాం. రోజంతా తల వంచుకుని నడవడమే. సాయంత్రానికి మెడ లేవదు. నువ్వు సీడు పత్తిలో ఎట్లా వంగి నడుస్తావో నేనూ అట్లాగే. పదహారేళ్లు చదివించింది ఇందుకేనా అని నవ్వుకో.

వంతెన గోడకు ఒక ఫలకం ఉంది. 1977. మంత్రి పేరు, ఇంజనీరు పేరు, కంట్రాక్టరు పేరు. నాచు గీకి రాసుకున్నాను.

మొన్న ఒకటి దొరికింది. వాగుకు పడమటి ఒడ్డున, హన్మంతు అనే రైతు చేలో, గుండ్రంగా పాతిన రాళ్లు. సగం మట్టిలో కూరుకుపోయాయి. మన దిక్కు రాక్షసగుళ్లు అంటారు చూడు, రెండు మూడు వేల ఏళ్ల కిందటి వాళ్ల సమాధులు, అట్లాంటిదని సారు అంటున్నాడు. వచ్చినప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదటిసారి. ముందుగా చూసింది నేనే. రిపోర్టులో నా పేరు వస్తుందట.

నువ్వు తిరగని చోటు లేదు కదా. బొంబాయి, పూనా, రాయచూరు అని చెబుతావు. ఈ దిక్కు ఎప్పుడైనా పనికి వచ్చావా?

నీ
సింధూజ

*

అయిజ,
నవంబరు 27.

బిడ్డ సింధూజకు, నీ పెద్దమ్మ రేణుకమ్మ చెప్తుంటే జాహెద రాస్తున్నది.

నీ జాబు అందింది. ఈడ అందరం మంచిగనే ఉన్నం. పత్తి ఏరుడు ఇంకో పది దినాలుంటది. కాలు వాచింది, ఇప్పుడు తగ్గింది. (తగ్గలేదు. దవాఖానకు రమ్మంటే వస్తలేదు. — జాహెద.) ఏందది రాస్తున్నవ్, నేను చెప్పింది రాయవే అంటే నవ్వుతది.

మెడ నొస్తే నువ్వుల నూనె రాయి. ఎండల నెత్తికి గుడ్డ కట్టుకో. సదువుకున్నదానికి గుడ్డేందని సిగ్గుపడకు. ఎండకు సదువు తెల్వదు.

ఆ వాగు సంగతి రాస్తివి. వంతెనకు ఏ పక్కల ఉన్నయి ఆ రాళ్లు? ఎగువకా, దిగువకా? పక్కన పెద్ద బండ ఒకటి ఉన్నదా, ఎద్దు పండుకున్నట్టు? ఆ చేను ఆ హన్మంతుదేనా, ముందు ఎవరిదుండె? రాళ్లు ఎన్ని ఉన్నయి? ఊరకనే అడుగుతున్న. పొద్దు పోక.

ఆ దిక్కు నేను వచ్చిన్నా అంటే, ఎన్ని ఊర్లని యాది పెట్టుకుంట బిడ్డ. రాయి మోసేటోనికి అన్ని ఊర్లు ఒక్కటే.

పైలం.

నీ పెద్దమ్మ

*

బల్మూర్,
డిసెంబరు 6.

పెద్దమ్మకు,

నువ్వు నా పని గురించి ఇన్ని ప్రశ్నలు అడగడం ఇదే మొదటిసారి. డిగ్రీ పట్టా తెచ్చి చూపిస్తే కూడా "తడవనియ్యకు" అని ఒక్కమాటే అన్నావు. అందుకే సంతోషపడి అన్నిటికీ జవాబు రాస్తున్నాను.

రాళ్లు వంతెనకు ఎగువన ఉన్నాయి, కూతవేటు దూరంలో. బండ ఉంది. అచ్చం ఎద్దు పడుకున్నట్టే. నీకెట్లా తెలిసిందో గానీ సారుకు చెబితే ఆశ్చర్యపోయాడు. వాగుల పక్కన అట్లాంటివి ఉంటాయిలే అన్నాను. చేను హన్మంతు వాళ్ల నాయనది. ఆయన పోయి పదేళ్లయింది. వలయం ఆరడుగుల వెడల్పు. ఒక్కో రాయి వంటకుండంత. ఇరవై మూడు రాళ్లు. నేను మూడుసార్లు లెక్కపెట్టాను. తూర్పు దిక్కున, వాగు వైపు, ఒక రాయి పట్టేంత ఖాళీ ఉంది. సారు దాన్ని ద్వారం అంటాడు. చనిపోయినవాళ్లు పోవడానికి సూర్యుడు పుట్టే దిక్కున దారి వదిలారట. ఆ మాట విన్నాక ఆ ఖాళీలోంచి అడుగు వేయడానికి నాకు మనసు రాలేదు. చుట్టూ తిరిగి పోతున్నాను.

కానీ ఇందులో ఒక చిక్కుంది. కొత్త వంతెనకు వచ్చే రోడ్డు సరిగ్గా దాని మీదుగానే పోవాలి. అది పాతదని తేలితే రోడ్డును పక్కకు జరపాలి. కొలతలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. ఒక వానాకాలం పోతుంది.

హన్మంతుకు అదే కోపం. నిన్న గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ అన్నాడు.

"మేడం, సచ్చి మూడువేల ఏండ్లయినోళ్లకు తొవ్వ ఎటున్నదో సూస్తున్నవ్. బతికున్నోళ్లకు తొవ్వ ఎప్పుడు సూస్తవ్?"

ఆయనే మళ్లీ చెప్పాడు. పోయిన వానాకాలం కోడలికి నొప్పులొస్తే అంబులెన్సు వంతెన అవతలే ఆగిపోయిందట. ట్రాక్టరు ట్రాలీలో, వానలో కన్నదట. "పిల్ల బతికింది, తల్లి బతికింది. మల్ల బతుకుతరని మీ సారు రాసిస్తడా?"

ఈ రాళ్ల సంగతి మీకు ముందే తెలుసా అని అడిగాను. "తెల్వకేంది. మా నాయిన దాన్ని తప్పించి దున్నెటోడు. ఎందుకే అంటే చెప్పకపోయేది. నాగలి తగలొద్దు, గంతే అనేటోడు. రాక్షసగూడని భయమేమో." ఆయన మాటలు నోటుబుక్కులో రాసుకున్నాను.

జనవరి ఇరవయ్యో తేదీన వలయం మధ్యలో చిన్న గుంత తవ్వి చూస్తాం. ఎముకలో, నల్లకుండలో దొరికితే పాతదని గట్టిగా రాయవచ్చు. తవ్వేది నేనే. చిన్న తాపీతో, బ్రష్షుతో, చెంచాడు చెంచాడుగా తీస్తాం. భయపడకు, పాడు చేయం.

అలసటగా ఉంది, కానీ మంచి అలసట. కాలు దవాఖానలో చూపించు.

సింధూజ

*

అయిజ,
డిసెంబరు 15.

బిడ్డకు,

జాబు చదివించుకున్న. రెండుసార్లు చదివించుకున్న.

ఆడ తవ్వకు. నీకు నేనెప్పుడు ఇది చెయ్యి, అది చెయ్యొద్దని చెప్పలే. బడికి పోత అంటే పో అన్న, హైద్రాబాద్ పోత అంటే పో అన్న. ఇది ఒక్కటి చెప్తున్న. తవ్వకు.

మీ సారుకు అది గొర్ల దొడ్డి అని చెప్పు. గొర్లోళ్లు పిల్లలను పెట్టనీకె గుండ్రంగ రాళ్లు పెడ్తరు, ఆ ఖాళీ తడక పెట్టనీకె. గట్ల చెప్తే అయిపోతది. నీకు పోయేదేంది.

జర నా మాట విను.

రేణుకమ్మ

*

బల్మూర్,
డిసెంబరు 23.

పెద్దమ్మకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేదు.

అది గొర్రెల దొడ్డి కాదు. గొర్రెలను కట్టేసే వలయం ఆరడుగులుండదు. నేను దొడ్డి అని రాస్తే నాకు కళ్లు లేవనైనా అనుకుంటారు, అబద్ధమాడాననైనా అనుకుంటారు. పెద్దమ్మా, మన ఇంట్లో కాగితం మీద సంతకం పెట్టిన మొదటిదాన్ని నేను. అందరూ వేలిముద్ర వేశారు, ఏం రాసి ఉందో తెలియకుండానే వేశారు. నా సంతకం కింద ఉన్న మాట నిజమై ఉండాలని నాకు ఒక పట్టుదల. అది తప్పంటే చెప్పు.

పాత సమాధులు తవ్వితే కీడని నీకు ఎవరైనా చెప్పి ఉంటారు. అట్లాంటివి నమ్మకు. ఇది చదువుకు సంబంధించిన పని. ఇక్కడ రోజూ ఒకరు రోడ్డు ఆపుతున్నారని తిడతారు, ఒకరు బంగారం తవ్వుకుపోతున్నారని తిడతారు. నువ్వు కూడా మొదలుపెడితే నేనెవరికి చెప్పుకోవాలి? తాడు పట్టుకుని పట్టుకుని అరచేతులు పగిలిపోయాయి. పొద్దున లేవగానే ఇంకా ఎన్ని రోజులు అని లెక్కపెట్టుకుంటున్నాను.

ఇరవయ్యో తేదీ మారదు. కారణం ఉంటే రాయి. కారణం లేకుండా ఆపమంటే ఆపలేను.

సింధూజ

*

అయిజ,
జనవరి 1.

సింధూకు,

జాహెదా ఖాలా రాసేది. ఇది రేణుకక్క చెప్పింది కాదు, నేనే రాస్తున్న.

నీ జాబు అక్కకు సగమే చదివిన. కీడు అని, నమ్మకు అని రాసిన కాడ ఆపి, సింధు మంచిగున్నదట అని చెప్పిన. నాకు గట్టిగ అరుస్తూ అది చదవబుద్ధి కాలే. అక్క నా మొకం చూసి, ఇంకా ఉన్నది, ఏం దాస్తున్నవ్ అన్నది. చెవులు పోయినోళ్లకు కండ్లు మస్తు పనిచేస్తయి.

నువ్వు ఇరవైమూడు రాళ్లు అని రాసినప్పటి నుంచి ఆమె సక్కగ బువ్వ తింటలేదు. ఒకనాడు మిషను కాడికి వచ్చి, డెబ్బై ఏడు నుంచి ఇప్పటికి ఎన్నేండ్లే అని అడిగింది. నలభై ఎనిమిది అని వేళ్లు చూపించిన. ఇచ్చిన చాయ్ ముట్టకనే సల్లారిపోయింది.

నాకేం తెల్వదు. ఇరవై ఏండ్ల నుంచి గోడకు గోడ ఉన్నం, ఆమె చెప్పలే, నేను అడగలే. నువ్వు సదువుకున్నదానివి. కారణం రాయి అని అడుగుడు కాదు బిడ్డ, మెల్లగ అడుగు.

జాహెద

(జాబు మూసేలోపల అక్క వచ్చింది. రేపు నన్ను చేనుకాడికి రమ్మన్నది, కాగితాలు పట్టుకొని. ఇంటికాడ వద్దట, వాడకట్టు వింటదట. ఈ జాబు ఆపి, అది కూడా దీంట్లనే పెట్టి పంపిస్త.)

*

పత్తి చేను గట్టు, అయిజ,
జనవరి 2.

బిడ్డ సింధూజకు,

నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్న జాహెదను. నడ్మ నడ్మ ఏడ్వొద్దన్న.

ఆ వంతెన మేం కట్టినం. మీ పెదనాయిన కురుమూర్తి, నేను. గుంపుల ఇర్వైనాలుగు మందిమి, అందరం అయిజ దిక్కోళ్లమే. నాకు పంతొమ్మిదేండ్లు. నువ్వు నాచు గీకి చదివిన పేర్లోళ్లను మేం చూడలే. ఒక్కనాడు జీపుల వచ్చి పోయిండ్రంట.

ఆడనే పిల్ల పుట్టింది. ఎద్దుబండ పక్క గుడిసెల. ఆడపిల్ల. పదిహేడు దినాలున్నది. జరమొచ్చింది. అప్పుడు ఆ దిక్కు దవాఖాన లేదు, నాగర్‌కర్నూల్ పోవాలె, వాగు నిండుగ పారుతున్నది. వంతెన లేకపాయె. దాన్నే కడ్తుంటిమి.

పొద్దుగాల పోయింది. ఆ దినం నడిమి కాలుకు కాంక్రీటు పోస్తున్నరు. పోసుడు మొదలుపెడితే ఆపొద్దు, ఆపితే పగుల్తదని మేస్త్రి అన్నడు. చేను పటేలు, అదే ఆ హన్మంతు నాయిన, ఈ మూలకు పెట్టుకోండ్రి, నేను నాగలి తగలనియ్య అన్నడు. పెట్టినం. మా గుంపుల ఒక పద్ధతి ఉండె. పనికాడ ఎవరన్న పోతే మనిషికొక రాయి తెచ్చి చుట్టు పెడ్తరు, ఆ దినం మోసే రాళ్లల్లకెల్లి. నక్కలు రాకుండ, మల్ల ఎవరు తవ్వకుండ. అందరు తలొకటి పెట్టిండ్రు. తల్లి మాత్రం పెట్టొద్దు. తల్లి పెడితే పిల్ల పానం ఆ రాయికి అంటుకుంటది, మల్ల కడుపు పండదంటరు. అందుకే నా జాగ విడిచిపెట్టిండ్రు. నేను వాగు పక్కకు నిలబడి ఉంటి, అటే విడిచిపెట్టిండ్రు. మీ సారు ద్వారం అన్నడు చూడు, అది నా జాగ.

నేను పెట్టలే. అయినా మల్ల పండలే.

పగటాల్లకు మల్ల తట్ట ఎత్తుకున్న. పాలు పడి రవికె తడిసింది. సిమెంటు నీళ్లనుకున్నరు. తల్లి ఎన్కకు మర్రి చూడొద్దు, ఆ తొవ్వకు మల్ల పోవొద్దు. పోలే. బొంబాయి పోయిన, పూనా పోయిన, ఆ తొవ్వకు పోలే.

నీకెందుకు చెప్పలే అంటే. మీ అమ్మానాయిన పనికి పోతు నిన్ను నా ఒళ్లె పెట్టినప్పుడు నీకు మూడేండ్లు. ఒకదాని జాగల ఇంకొకదాన్ని కూసోబెట్టిందని నువ్వు అనుకోవద్దని. నువ్వు నీ జాగలనే కూసున్నవ్.

ఇరవయ్యో తారీకు చెంచతోని తీస్తమని రాస్తివి. ఇగ చెప్పకుండ ఎట్లుంట.

నీ సంతకం నువ్వు ఖరాబు చేసుకోకు. దొడ్డి అని రాయొద్దు. ఉన్నది రాయి.

రేణుకమ్మ

*

బల్మూర్,
జనవరి 10.

పెద్దమ్మకు,

రెండు ఉత్తరాలూ ఒకే కవరులో వచ్చాయి. చేలోనే నిలబడి చదివాను. ఆ తర్వాత చాలాసేపు తాడు ఎవరు పట్టుకున్నారో నాకు తెలియదు.

ముందు నేను ఒకటి చెప్పాలి. నువ్వు దాచావని అనడానికి నాకు హక్కు లేదు, నేనూ దాచాను. మొదటి రోజే ఉత్తరం వైపు రాయిని తడిమి చూశాను. దాని అంచున సగం బెజ్జం ఉంది. రాయి పగలగొట్టేముందు ఇనుప కడ్డీతో కొట్టే బెజ్జం. రాళ్లు కొట్టినవాళ్ల ఇంట్లో పెరిగాను, అది నాకు తెలియకుండా ఉంటుందా? మూడు వేల ఏళ్ల కిందట ఆ కడ్డీ లేదు. ఎవరో తర్వాత కొట్టి ఉంటారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. నోటుబుక్కులో రాయలేదు. సారు నవ్వాడు, నా పేరు వస్తుందన్నాడు. నాకు అది పాతదే కావాలనిపించింది. సంతకం గురించి నీకు అంత పెద్ద మాట రాసింది ఇదంతా తెలిసే.

ఆ రోజే అరవింద్ సారుకు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఆ బెజ్జం నేనూ చూశానమ్మా" అన్నాడు. "ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నాను. ఈసారైనా ఏదో ఒకటి దొరకాలనిపించింది." అంతే. తవ్వకం ఆపేశాడు. ఇరవయ్యో తేదీన అక్కడ ఎవరూ తాపీ పెట్టరు. అది నిశ్చయం.

కానీ అది నూరేళ్లు దాటనిది కాబట్టి మా లెక్కలోకి రాదు. మా లెక్కలో లేనిదాన్ని రోడ్డు తప్పించుకుని పోదు. పాతదంటే తవ్వుతారు, పాతది కాదంటే మీద రోడ్డు వేస్తారు. ఇన్నేళ్ల చదువులో నాకు ఈ రెండు గడులే నేర్పారు. మూడోది లేదు.

హన్మంతుకు కూడా చెప్పాను. చెప్పక తప్పలేదు, చేను ఆయనది. ఆయన తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మా నాయిన చెప్పకనే పాయె. ముసలోడు మాట ఇచ్చిండన్న మాట." వలయం వైపు తిరిగి, "నేనేమో రాక్షసులని చిన్నప్పటి సంది పొద్దుగూకితే ఇటు రాకపోదును. పదిహేడు దినాల పిల్లకు భయపడ్డనా?" అన్నాడు.

తర్వాత ఒక మాట అన్నాడు. చేను పై మూలలో, రోడ్డు తగలని చోట, జాగా ఇస్తాడట. నువ్వు ఒప్పుకుంటే పిల్లను మెల్లగా తీసి అక్కడ పెట్టవచ్చునట. లేదంటే సైటు ఇంజనీరును సారు అడిగాడు. అక్కడ రోడ్డు ఎనిమిదడుగుల ఎత్తున వస్తుంది. కింద తవ్వే పని లేదు, రాళ్లు తీయకుండానే మట్టి పోస్తామన్నాడు.

తీయమంటావా, ఉంచమంటావా? ఇది నేను తేల్చలేను. నువ్వు రావాలంటే నేనే వచ్చి తీసుకొస్తాను.

పెద్దమ్మా, నా జాగా గురించి రాశావు. నేను ఎప్పుడూ వేరేగా అనుకోలేదు.

సింధూజ

*

అయిజ,
జనవరి 18.

బిడ్డకు,

ఇయ్యాల ఇంటికాడనే రాయిస్తున్న. వాడకట్టు వింటే విననీ. ఇగ ఏమున్నది దాయనీకె.

తీయొద్దు. ఒకసారి పెట్టినంక తీయొద్దు. మట్టి పోయమను. ఎనిమిదడుగులంటే నక్క కాదు, ఏదీ అందదు. లారీలు పోతయి, బస్సులు పోతయి అని నువ్వు పరేషాన్ కాకు. ఉన్న పదిహేడు దినాలు గూడ సుత్తె సప్పుడే విన్నది. సప్పుడు కొత్త కాదు దానికి.

ఆ కోడలుపిల్ల ట్రాలీల కన్నదంటివి. వంతెన జల్ది కట్టమను. నా పిల్ల కాడికి వచ్చి రోడ్డు ఆగిందంటే నాకు మంచిగనిపియ్యది.

సగం బెజ్జం రాయి మీ పెదనాయినది. ఆ దినం దెబ్బ తప్పింది, రాయి అడ్డం పగిలింది. అదే తెచ్చి పెట్టిండు.

నేను రాను. తల్లి ఆ తొవ్వకు మల్ల పోవొద్దు. నలభై ఎనిమిదేండ్లు నిలబెట్టుకున్న మాట ఇప్పుడెందుకు విడుస్త. కాలు గూడ బాగలేదు.

ఒక్కటి అడుగుత. ఆ ఖాళీ జాగ అట్లనే ఉన్నదంటివి. మట్టి పోసేలోపల ఆడ ఒక రాయి పెట్టు. తల్లి పెట్టొద్దన్నరు గని, చెల్లె పెట్టొద్దని ఎవ్వరన్లే.

రేణుకమ్మ

(దవాఖానకు పోయినం. కాలుకు గోలీలిచ్చిండ్రు. తానే రమ్మన్నది. — జాహెద)

*

బల్మూర్,
ఫిబ్రవరి 3.

పెద్దమ్మకు,

పెట్టాను.

నిన్న పొద్దున. మట్టి లారీలు ఇవాళ మొదలవుతాయన్నారు, అందుకని. రాయి ఎక్కడ తేవాలని చాలా ఆలోచించాను. పాత వంతెన పక్కగోడ నుంచి జారిన రాళ్లు కొన్ని వాగులో పడి ఉన్నాయి. వాటిల్లోంచి ఒకటి ఏరుకున్నాను. నువ్వు మోసినది కావచ్చు, ఇంకెవరో మోసినది కావచ్చు. ఒక పక్క సిమెంటు అంటుకుని ఉంది. హన్మంతు తెస్తానన్నాడు, వద్దన్నాను. ఆయన గడ్డపారతో చోటు చదును చేసిచ్చి దూరంగా పోయి నిలబడ్డాడు. సారు కూడా అంతే. రాయి సరిగ్గా కూర్చుంది. ఇన్నేళ్లయినా ఆ చోటు తగ్గలేదు, పెరగలేదు.

ఏమీ చదవలేదు, ఏమీ అనలేదు. ఏమనాలో నాకు ఎవరూ నేర్పలేదు కదా. వెనక్కి చూడొద్దన్నది తల్లికే అనుకుని నేను రెండుసార్లు చూశాను. తప్పయితే క్షమించు.

రిపోర్టు పంపేశాం. మొత్తం నూట పది పేజీలు. పెంకులు, రెండు విరిగిన గాజులు, ఒక పాత బావి. "విశేషమైనవి లేవు" అని మొదటి పేజీలోనే ఉంది. నా పేరు వచ్చింది, చివర చిన్న అక్షరాల్లో. వలయం లెక్కలోకి రాదని తీసేయమని పైవాళ్లు అన్నారు. సారు తీయలేదు. చివరి పేజీలో ఆరు వరుసలు నన్నే రాయమన్నాడు. ఇట్లా రాశాను:

"పడమటి ఒడ్డున, ఎగువన, రాళ్ల వలయం. ఇరవై నాలుగు రాళ్లు. పురాతనమైనది కాదు. 1977లో ఈ వంతెన కట్టిన కూలీలు పదిహేడు రోజుల ఆడశిశువుకు పెట్టిన సమాధి. తవ్వలేదు. సమాచారం ఇచ్చినవారు: రేణుకమ్మ, అయిజ, వంతెన కట్టినవారిలో ఒకరు."

కింద సంతకం పెట్టాను.

లారీలు ఇప్పుడే పోతున్నాయి. గది కిటికీ దగ్గరకు దుమ్ము వస్తోంది. ఈ నెలాఖరుకు పని అయిపోతుంది. ఆ తర్వాత ఏమిటో తెలియదు. ముందు ఇంటికి వచ్చి పడుకుంటాను.

సింధూజ

*

అయిజ,
ఫిబ్రవరి 11.

బిడ్డకు,

జాబు మూడుసార్లు చదివించుకున్న. జాహెద గొంతు పోయింది. ఆ ఆరు వరుసల కాయితం ఒకటి తీసుకరా. చదవరాకున్న పెట్టెల పెట్టుకుంట.

అంత రాసినవ్ గని ఒకటి రాయలే. వాగుల నుంచి చేనుకాడికి దూరం ఉంటది, నాకు యాదున్నది. రాయి నెత్తి మీద మోసినవా, సంకల ఎత్తుకున్నవా?

రేణుకమ్మ

*

బల్మూర్,
ఫిబ్రవరి 17.

పెద్దమ్మకు,

నెత్తి మీద పెట్టుకుందామంటే చుట్టబట్ట చేసుకోవడం నాకు రాదు. నువ్వు ఎప్పుడూ నేర్పలేదు.

సంకలోనే తీసుకెళ్లాను. దారిలో రెండుసార్లు దించాల్సి వచ్చింది.

సింధూజ